కీళ్ల చరిత్ర: రోలు నుంచి మడతబందు దాకా

గత పాఠంలో మీరు మానవ అస్థిపంజరంలోని ఎముకల పేర్లు, వాటి అమరిక చదువుకున్నారు. ఎముకలు కలిసే చోటును కీలు లేదా సంధి అంటామని కూడా మీకు తెలుసు. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అనే పేర్లు ఉన్నత పాఠశాల తరగతుల నుంచే మీకు పరిచయం. భుజం, తుంటి మొదటి రకం; మోచేయి, మోకాలు రెండవ రకం; మెడలోని పై రెండు వెన్నుపూసల మధ్య ఉన్నది మూడవ రకం; మణికట్టులోని చిన్న ఎముకల మధ్య, వెన్నుపూసల పక్క భాగాల మధ్య ఉన్నవి నాలుగవ రకం. పరీక్షకు ఇంతవరకు చాలు.

అయితే ఈ పేర్లను ఒకసారి పరిశీలనగా చూడండి. బంతి, గిన్నె, తలుపు మడతబందు, బొంగరం: అన్నీ ఇంట్లోనో వడ్రంగి కొట్టులోనో కనిపించే వస్తువులు. శరీరం లోపల కనిపించని కదలికను అర్థం చేసుకోవడానికి మనిషి బయట కనిపించే వస్తువుతో పోల్చాడు. ఆ పోలికలు ఎవరు, ఎప్పుడు చేశారు, అవి ఎంతవరకు పనికొచ్చాయి, ఎక్కడ దెబ్బతీశాయి అనేది ఈ పాఠం విషయం. పోలిక తప్పినప్పుడు నష్టపోయింది పుస్తకం రాసినవారు కారు, నడవలేని రోగులు. కాబట్టి ఈ చరిత్రను కేవలం పేర్ల జాబితాగా చదవకండి.

సుశ్రుతుని ఎనిమిది పోలికలు

క్రీస్తు పూర్వపు శతాబ్దాలలో మొదలై క్రీస్తు శకం తొలి శతాబ్దాల వరకు రూపుదిద్దుకున్న సుశ్రుత సంహితలో, శారీరస్థానం అయిదవ అధ్యాయంలో కీళ్ల వర్ణన ఉంది. అందులో శరీరంలోని సంధులు మొత్తం 210. కాళ్లూ చేతుల్లో 68, మొండెంలో 59, మెడ నుంచి పైన 83. ఇవి కదిలేవి, కదలనివి అని రెండు విధాలు. కాళ్లు, చేతులు, దవడలు, నడుములోని సంధులు కదిలేవని ఆ గ్రంథం చెబుతుంది.

ఇంతకంటే ఆసక్తికరమైనది ఆకారాన్ని బట్టి చేసిన విభజన. సుశ్రుతుడు ఎనిమిది రకాలు చెప్పాడు. వేళ్లు, మణికట్టు, చీలమండ, మోకాలు, మోచేతులలో ఉన్నది కోర సంధి; మనం మడతబందు అంటున్న రకానికి ఇది దగ్గరగా వస్తుంది. చంక, గజ్జ, దంతాల దగ్గర ఉన్నది ఉలూఖలం, అంటే రోలు. భరిణె వంటిది సముద్గం. మెడలోను వెన్నులోను ఉన్నది ప్రతరం, అంటే తెప్ప. పుర్రె ఎముకల మధ్య ఉన్నది తున్నసేవని, చిరిగిన బట్టకు వేసిన కుట్టు. దవడది వాయసతుండం, కాకి ముక్కు. కంఠంలోని గుండ్రని నాళాలది మండలం. చెవిలోనిది శంఖావర్తం, శంఖం లోపలి మెలిక.

పుర్రె పటాన్ని మీ ముందు పెట్టుకుని కుట్టు అన్న మాటను మళ్లీ చదవండి. ఆ వంకర గీతలను చూసినవారికి మరో పోలిక తట్టదు. ఆధునిక శాస్త్రంలోనూ వాటిని సీవనులనే అంటాం, దాని అర్థం కూడా కుట్టే. తుంటి కీలును రోలుతో పోల్చడం కూడా అంత చక్కనిదే. రోటి గుంటలో రోకలి మొన ఎటు వంచినా తిరుగుతుంది, కాని గుంట దాటి బయటికి రాదు.

ఇంత స్పష్టంగా ఎలా చూడగలిగారు? దానికి సమాధానం అదే అధ్యాయం చివర ఉంది. విషం వల్ల గాని, దీర్ఘరోగం వల్ల గాని చనిపోని మనిషి శవాన్ని తీసుకుని, పేగులలోని మలం తీసివేసి, గడ్డితోను నారతోను చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో మరుగైన చోట పెట్టాలి. ఏడు రాత్రుల తరువాత తీసి, వట్టివేరు, వెదురు మొదలైనవాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరను కంటితో చూడాలి. కత్తి వాడని ఈ పద్ధతిలో మెత్తని భాగాలు ముందుగా పోతాయి; ఎముకలు, వాటిని కట్టి ఉంచే సంధి బంధనాలు చివరిదాకా నిలుస్తాయి. ఈ గ్రంథం రక్తనాళాల విషయంలో కంటే కీళ్ల విషయంలో నమ్మదగినదిగా ఉండటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. సుశ్రుతుడు చెప్పిన ఎముకలు 300. మనం లెక్కించేవి 206. పళ్లను, మృదులాస్థులను కూడా ఎముకలలో చేర్చడం ఈ తేడాకు ఒక కారణం. అంకెలను నేటి అంకెలతో బలవంతంగా సరిపెట్టే ప్రయత్నం చేయకండి. రెండవది ఇంకా ముఖ్యం. తుంటి, దంతం రెండూ రోలు రకమే అన్నాడు సుశ్రుతుడు. ఆకారం చూస్తే నిజమే, రెండింటిలోనూ ఒక గుంట, అందులో ఒక మొన ఉన్నాయి. కాని తుంటి అన్ని వైపులకూ తిరుగుతుంది, పన్ను కదలకూడదు. ఆకారాన్ని బట్టి వర్గీకరిస్తే కదలిక చెదిరిపోతుందన్నమాట.

కదలికను ముందు పెట్టిన గాలెన్

గ్రీకు వైద్యంలో కీళ్ల మీద శ్రద్ధ పుట్టింది వర్గీకరణ కోసం కాదు, కీలు తప్పినప్పుడు సరిచేయడం కోసం. హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన గ్రంథాలలో కీళ్ల మీద ఒక ప్రత్యేక గ్రంథమే ఉంది. అది భుజం కీలు జారడంతో మొదలవుతుంది. భుజాస్థి తల పెద్దది, దాన్ని పట్టుకునే గిన్నె లోతులేనిది. అందుకే చేయి అన్ని దిశలలో తిరుగుతుంది, అందుకే తేలికగా తప్పుతుంది కూడా. రోగి చంకలో మడమ ఆనించి చేతిని లాగి సరిచేసే పద్ధతి ఆ గ్రంథం నుంచే వచ్చింది.

క్రీ.శ. రెండవ శతాబ్దపు గాలెన్ పెర్గమం నగరంలో కత్తియుద్ధ మల్లులకు వైద్యుడిగా పనిచేశాడు. ఆయన కీళ్లను మొదట కదిలేవి, దాదాపు కదలనివి అని విడదీశాడు. ఆ తరువాతే ఆకారానికి వచ్చాడు. కదిలేవాటిలో లోతైన గిన్నె గలవి, లోతులేని గిన్నె గలవి, మడతబందు వంటివి. కదలనివాటిలో కుట్టు వంటివి, మేకు దిగినట్టున్నవి, అంచుకు అంచు ఆనినవి. పన్ను మేకు వర్గంలోకి, అంటే కదలనివాటిలోకి వెళ్లింది. సుశ్రుతునికీ గాలెన్‌కూ పన్ను ఒక కీలే. కాని ఒకరికి రోలు, మరొకరికి మేకు. ఈ తేడా దగ్గర కాసేపు ఆగండి. మీ పాఠ్యపుస్తకంలో కీళ్లకు రెండు వర్గీకరణలు ఎందుకున్నాయో ఇక్కడ అర్థమవుతుంది. నిర్మాణాన్ని బట్టి తంతుయుత, మృదులాస్థి, సైనోవియల్ కీళ్లు. కదలికను బట్టి కదలనివి, కొద్దిగా కదిలేవి, స్వేచ్ఛగా కదిలేవి. ఒకదానితో మరొకటి పూర్తిగా సరిపోదు కాబట్టే రెండూ నిలిచాయి.

గాలెన్ మానవ శవాలను పద్ధతిగా కోసి చూడలేదు. కోతులను, ఇతర జంతువులను కోశాడు. దారిపక్కన పడి ఉన్న ఒక దొంగ అస్థిపంజరాన్ని, వరద తోడేసిన సమాధిలోని మరో అస్థిపంజరాన్ని చూశానని ఆయనే రాసుకున్నాడు. జంతువుల నుంచి మనిషికి అన్వయించిన తప్పులు 1543లో బాసెల్‌లో అచ్చయిన ఆండ్రియాస్ వెసాలియస్ గ్రంథం దాకా చలామణి అయ్యాయి. మనిషి కింది దవడ రెండు ఎముకలు కాదు, ఒకటే అని వెసాలియస్ చూపించాడు. ఆ గ్రంథపు మొదటి భాగం మొత్తం ఎముకలు, మృదులాస్థుల గురించే.

తరువాతి శతాబ్దంలో ఇటలీకి చెందిన బోరెల్లి కండరాలను, కీళ్లను తులాదండం సూత్రంతో లెక్కకట్టాడు. ఆయన మరణానంతరం 1680, 1681లో వెలువడిన గ్రంథంలోని ఒక ఫలితం మీకు వింతగా ఉంటుంది: చేతిలో ఎత్తిన బరువు కంటే, దాన్ని ఎత్తడానికి కండరం లాగే బలం ఎన్నో రెట్లు ఎక్కువ. కండరం కీలుకు చాలా దగ్గరగా అతుక్కుని ఉండటమే కారణం. ఆ బలమంతా కీలు మీదే పడుతుంది. ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మన బరువుకు మించిన భారాన్ని మోస్తుందని నేడు చెప్పడానికి మూలం ఈ ఆలోచనే.

హంటర్ చెప్పిన చేదు మాట

అంత భారాన్ని ఏది తట్టుకుంటుంది? 1743లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో, అప్పటికి పాతికేళ్ల వయసున్న విలియం హంటర్ ఒక వ్యాసం ప్రచురించాడు. కీలులో ఎముకల కొనలను కప్పే మృదులాస్థి నిర్మాణాన్ని ఆయన వివరించాడు. నిలువుగా నిలబడిన సన్నని పోగుల దట్టమైన పొరగా దాన్ని చూశాడు. ఒత్తితే కుదించుకుని మళ్లీ లేస్తుంది. దానితో పాటు ఒక చేదు నిజం కూడా చెప్పాడు: ఈ పొర ఒకసారి పుండుపడి నశిస్తే తిరిగి రాదు. ఇందులో రక్తనాళాలు లేవని, పోషణ సైనోవియల్ ద్రవం నుంచే అందుతుందని మనకు తరువాత తెలిసింది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, అరిగిన కీలు మాత్రం మానదు. మోకాళ్ల నొప్పితో వచ్చిన పెద్దవారికి నేటికీ వైద్యులు చెప్పే మాట ఇంతకంటే పెద్దగా మారలేదు.

1836లో జర్మనీలో విల్‌హెల్మ్ వేబర్, ఎడ్వర్డ్ వేబర్ అనే సోదరులు నడక యంత్రాంగంపై గ్రంథం ప్రచురించారు. తుంటి కీలు గిన్నెకు వెనుక నుంచి సన్న రంధ్రం చేస్తే, లోపలికి గాలి చేరి, అప్పటిదాకా గిన్నెను అంటిపెట్టుకున్న తొడ ఎముక తల జారిందని చూపించారు. కీలును పట్టి ఉంచడంలో వాతావరణ పీడనానికి భాగం ఉందన్నమాట. అడుగు వేసేటప్పుడు కాలు గడియారపు లోలకంలా దానంతటదే ఊగుతుందన్న వారి మరో వాదం నిలబడలేదు. శతాబ్దం చివర బ్రౌనె, ఫిషర్ ఛాయాచిత్రాలతో కొలిచి, కండరాల పని లేకుండా ఆ ఊపు సాధ్యం కాదని తేల్చారు.

మోకాలు నిజంగా మడతబందేనా?

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. కుర్చీలో కూర్చుని మోకాలును లంబకోణంలో మడవండి. తొడను కదలనీయకుండా చేతులతో పట్టుకుని, పాదం మొనను లోపలికీ బయటికీ తిప్పండి. తిరుగుతుంది కదా. ఇప్పుడు కాలు పూర్తిగా చాచి అదే పని చేయండి. ఈసారి తిరిగేది తుంటి నుంచి, మోకాలు దగ్గర మలుపు లేదు. తలుపు మడతబందు ఇలా ప్రవర్తించదు. పైగా మోకాలు మడిచేటప్పుడు తొడ ఎముక గుండ్రని కొనలు కింది ఎముక మీద దొర్లుతాయి, జారుతాయి కూడా. కాబట్టి తిరిగే ఇరుసు ఒకచోట ఉండదు, కదులుతూ ఉంటుంది. కాలు పూర్తిగా చాచే ఆఖరి క్షణంలో కింది ఎముక కొద్దిగా బయటికి తిరిగి, బిగుసుకుంటుంది. చాలాసేపు నిలబడగలగడానికి ఈ బిగింపు తోడ్పడుతుంది.

ఈ వివరం పుస్తకాలలో ఉన్నా, పేరు మాత్రం మడతబందుగానే స్థిరపడింది. 1950లలో స్వీడన్‌లో వాల్డియస్, ఇంగ్లండ్‌లో షియర్స్ తయారుచేసిన కృత్రిమ మోకాళ్లు ఆ పేరుకు తగ్గట్టే ఒకే ఇరుసు గల మడతబందులు. రోగి లేచి నడిచాడు, నొప్పి తగ్గింది. కాని ప్రతి అడుగులోనూ సహజంగా రావలసిన చిన్న మలుపుకు ఆ లోహపు ఇరుసులో చోటు లేదు. ఆ మెలితిప్పే బలం ఎముకకూ లోహానికీ మధ్య ఉన్న అతుకు మీద పడింది. అతుకులు వదులయ్యాయి. వదులైన దాన్ని తీసి మళ్లీ అమర్చడం మొదటిసారి కంటే కష్టం, ఎందుకంటే ఎముక అప్పటికే కొంత పోయి ఉంటుంది.

దీనికి విరుగుడు దొరికింది తుంటి కీలుపై పనిచేస్తున్న ఆసుపత్రిలోనే. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ తుంటి మార్పిడికి పూనుకున్నాడు. అప్పట్లో అమర్చే యాక్రిలిక్ బంతి నడిచేటప్పుడు కిర్రుమని శబ్దం చేస్తుందని ఒక రోగి చెప్పడం ఆయన్ను ఒరిపిడి గురించి ఆలోచింపజేసింది. లోహపు బంతికి టెఫ్లాన్ గిన్నె అమర్చాడు. సుమారు మూడు వందల మందికి అమర్చిన తరువాత టెఫ్లాన్ త్వరగా అరిగిపోతోందని, ఆ పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేస్తోందని తేలింది. చార్న్లీ ఆ పదార్థపు ముక్కలను తన తొడలోనే పెట్టించుకుని ప్రతిచర్య చూసుకున్నాడు. వైఫల్యాలను దాచలేదు, పాడైనవాటిని తానే తీశాడు. 1962 నవంబరులో పాలిథిలీన్ గిన్నె మొదలుపెట్టాడు. బంతి వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. సహజమైన తొడ ఎముక తలలో ఇది సగం కూడా ఉండదు. చిన్న బంతి అయితే ఒరిపిడి వల్ల గిన్నెను తిప్పేసే బలం తగ్గుతుందని ఆయన లెక్క. రకం మాత్రం అదే బంతిగిన్నె.

అక్కడికి పనిచేయడానికి వచ్చిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్, మోకాలుకు ఇరుసే వద్దనుకున్నాడు. లోహపు వంపు ముక్కలను పాలిథిలీన్ గాడుల మీద దొర్లనిచ్చి, రోగి సొంత సంధి బంధనాలే కదలికను అదుపు చేసేట్టు వదిలాడు. 1971లో దాని వివరాలు ప్రచురించాడు. నేడు మన నగరాలలో జరుగుతున్న మోకాలి మార్పిడులలో ఎక్కువభాగం వాడేవి ఇరుసు లేని రకాలే. మీరు పరీక్షలో మోకాలును మడతబందు కీలు అనే రాయండి, మార్కులు వస్తాయి. పక్కన సవరించిన మడతబందు అని ఒక మాట చేర్చగలిగితే ఇంకా మంచిది.

గొంతుక్కూర్చోవడం అనే కొలత

కీలు ఎంత కదలాలి అన్న ప్రశ్నకు సమాధానం దేశాన్ని బట్టి కూడా మారుతుంది. కుర్చీ మీద భోజనం చేసే వారికి మోకాలు లంబకోణం దాటి కొంత మడిస్తే చాలు. నేల మీద బాసిపట్టు వేసుకుని తినేవారికి, నాట్లు వేసేవారికి, గొంతుక్కూర్చుని అంట్లు తోమేవారికి అది చాలదు. వారికి మోకాలితో పాటు చీలమండ కూడా బాగా వంగాలి.

పాశ్చాత్య దేశాలలో వాడుకలో ఉన్న కృత్రిమ పాదంలో చీలమండ బిగుసుగా ఉండేది. దానికి బూటు తప్పనిసరి. మన రోగులు దాన్ని ఇంట్లో మూలన పెట్టి చంకకర్రలతో నడిచేవారు. 1968 ప్రాంతంలో జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో వైద్యుడు పి.కె. సేథీ, శిల్పకారుడు రామచంద్ర శర్మ కలిసి రబ్బరు, కర్రతో మరో పాదం రూపొందించారు. అది పైకి వంగుతుంది, పక్కలకు ఒరుగుతుంది, చెప్పు లేకుండా బురదలో నడుస్తుంది, గొంతుక్కూర్చోనిస్తుంది. ప్రతి కదలికకూ ఒక రోజువారీ పని ఆధారం. 1981లో సేథీకి మెగసెసే పురస్కారం వచ్చింది. శర్మ పేరు అంతగా వినబడకపోవడం చేతిపని పట్ల మన చదువుకున్నవారి చూపుకు ఒక ఉదాహరణ. ఈ పాదంతోనే నర్తకి సుధా చంద్రన్ తిరిగి వేదిక ఎక్కింది. ఆమె కథతో, ఆమే నటించగా సింగీతం శ్రీనివాసరావు తీసిన మయూరి చిత్రం తెలుగువారికి పరిచయమే.

కదిలే కీలు కదలని కీలుగా మారితే

ఇక మన జిల్లాల సంగతి. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన ప్రాంతంలో, ఒక వింత వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు వర్ణించారు. మధ్యవయసుకు వచ్చేసరికి మనుషుల వెన్ను కర్రలా బిగుసుకుపోయేది. పక్కవారిని చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిరగాలి. కారణం బావినీటిలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌పై జరిగిన తొలి అధ్యయనాలలో ఇది ముఖ్యమైనది.

ఫ్లోరైడ్ ఎముకను దట్టంగా చేయడంతో ఆగదు. సంధి బంధనాలలోను, కండరాలు అతుక్కునే చోట్లలోను సున్నపు లవణాలు పేరుకుంటాయి. వెన్నుపూసల మధ్య తెప్పల్లా కదలవలసిన కీళ్లు పుర్రె కుట్టుల్లా స్థిరపడతాయి. దీని ప్రత్యేక లక్షణం ఒకటి ముంజేతి ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మోచేతిని నడుముకు ఆనించి, అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. రత్ని అనే ఎముక అరత్ని చుట్టూ తిరగడం వల్లనే ఇది సాధ్యం. మోచేతి దగ్గర ఉన్న బొంగరపు కీలు పని అది. రెండింటి మధ్య ఒక పలుచని పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొరే గట్టిపడి ఎముకలా మారుతుంది. అప్పుడు కీలు చెడకపోయినా చేయి తిరగడం కష్టమవుతుంది. అరచేయి పైకి తిరగకపోతే దోసిలి పట్టలేరు, ముద్ద నోటికి అందించుకోవడమూ కష్టమే.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి, ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాలలో యువకుల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో నివేదించారు. అదే దశాబ్దంలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ విధానం అంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నల్గొండ పల్లెలకు తరువాత కృష్ణా జలాలు పైపుల ద్వారా వచ్చాయి. మంచినీటితో పెరుగుతున్న పిల్లలకు ఈ ముప్పు తప్పుతుంది. పాత బావుల నీటితో పెరిగినవారి ముంజేతిలో గట్టిపడిన పొర మాత్రం నీరు మారినంత మాత్రాన మెత్తబడదు.